తేడా గడి

పైపులో గ్యాసు లేకపోయినా గంటగంటకీ రీడింగు రాయాల్సిందే. అది ఆ స్టేషను నియమం. కాబట్టి ఆమె పొద్దున్న ఏడింటికి సున్నా రాసింది, ఎనిమిదింటికి సున్నా రాసింది, తొమ్మిదింటికి మళ్లీ సున్నా రాయబోతుంటే పెన్సిలు ముల్లు విరిగింది. చెత్తబుట్ట మీదికి వంగి చెక్కుకుంటూ కూర్చుంది.

అవతలి ఒడ్డున ఉన్న దేశం నుంచి ఇవతలి ఒడ్డుకి సముద్రం అడుగున పదహారేళ్లుగా గ్యాసు మోసుకొచ్చిన పైపు మంగళవారం పొద్దున్న పగిలింది. ఇవాళ శుక్రవారం. ఊళ్లో పొయ్యిలు వెలగడం లేదు. గాజు ఫ్యాక్టరీ కొలిమి చల్లారిపోయింది. కంట్రోల్ రూమ్‌లో మాత్రం దీపాలూ తెరలూ ఎప్పటిలాగే వెలుగుతున్నాయి, చూడ్డానికి ఏమీ లేకుండా.

రిజిస్టరులో పేజీకి ఆరు గడులు. వేళ, వాళ్లు పంపింది, మనకు చేరింది, తేడా, సవరణ, సంతకం. మిగతా రీడింగులకి మీటరు చాలు గానీ, ఏడు గంటల రీడింగుకి అవతలి స్టేషను నుంచి ఫోను రావాలి. అక్కడ కూర్చునే ఆవిడ తాము ఎంత పంపారో చెబుతుంది, ఈమె ఎంత చేరిందో చెబుతుంది. నాలుగేళ్లుగా రోజూ రెండు నిమిషాల మాటలు. ఒకరి పేరు ఒకరికి తెలియదు గానీ, ఒకరి దగ్గు ఒకరికి తెలుసు. ఇప్పుడా ఫోను మీద ఎర్రటి టేపు అడ్డంగా అతికించి ఉంది. మాట్లాడకూడదని పైనుంచి ఉత్తర్వు. అందుకే మూడు రోజులుగా 'వాళ్లు పంపింది' గడి ఖాళీ. అది ఖాళీ అయితే తేడా గడీ ఖాళీయే.

కంప్యూటరు ఉండగా ఈ చేతిరాత ఎందుకని కొత్తగా చేరినవాళ్లంతా అడుగుతారు. చేరిన మొదటి వారంలోనే ఆమె కూడా అడిగింది. "కంప్యూటరు మనం సరిదిద్దింది గుర్తుపెట్టుకుంటుందమ్మా, రిజిస్టరు మనం చూసింది గుర్తుపెట్టుకుంటుంది" అన్నాడు మేనేజరు. అప్పటినుంచి ఆమె ఒక్క గంట కూడా వదల్లేదు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. వదిలేస్తే ఎవరేమంటారోనన్న భయం ఎప్పుడూ వెన్నంటే ఉంటుంది.

గోడ మీద టీవీలో మంత్రి మాట్లాడుతున్నాడు. ఎన్నికలు నెలన్నరలో ఉన్నాయి. వెనకాల రెండు యుద్ధనౌకలు కదులుతున్నట్టు బొమ్మ.

"ఇది ప్రమాదం కాదు. దాడి!" అన్నాడు మంత్రి.

తలుపు దగ్గరున్న గార్డు ఆవలించాడు. "మనిళ్లల్లో పొయ్యిలు ఆరిపోయాయి గానీ, ఈయన నోట్లో మంట మాత్రం భేషుగ్గా వెలుగుతోంది."

ఆమె నవ్వింది. నవ్వుతూనే టీవీ వైపు చూసి ఆగిపోయింది. తెర మీద ఒక పడవ. పసుపు రంగు, ముందుభాగంలో కుడివైపు రేకు అతుకు. ఆ అతుక్కి రంగు వేసిన రోజు డబ్బా పట్టుకుని నిలబడింది తనే.

"అనుమానిత పడవ" అంటోంది టీవీ. "పైపు పగిలిన సమయానికి ఈ పడవ తన ట్రాకరును ఆర్పేసి, నలభై నిమిషాలు అదే ప్రాంతంలో తిరిగినట్టు తెలిసింది. పడవ సరంగు భార్య అవతలి దేశస్థురాలు కావడం..."

సరంగు ఆమెకి మేనమామ.

గార్డు పెద్ద తెర వైపు చూశాడు. పైపు వెళ్లే దారి పొడవునా తిరిగే పడవలన్నీ తమ ట్రాకర్ల సిగ్నలుతో ఆ తెర మీద పచ్చ చుక్కల్లా కనిపిస్తాయి. పైపు వంపు తిరిగే చోట చుక్కలు తరచూ మాయమైపోతుంటాయి. అక్కడ సిగ్నలు అందదని స్టేషనులో అందరి నమ్మకం. దాన్ని 'గుడ్డి మూల' అంటారు.

"ఆర్పేశాడంటారేంటి? గుడ్డి మూలలో అందరివీ పోతాయిగా" అన్నాడు గార్డు.

ఆమె రిజిస్టరు వైపు తిరిగింది. తొమ్మిది గంటల గడిలో సున్నా రాసింది. అది కాస్త వంకరగా పడింది.

*

డ్యూటీ దిగి నేరుగా మేనమామ ఇంటికి నడిచింది. బేకరీ ముందు వంద మంది వరసలో ఉన్నారు. కరెంటు పొయ్యి ఉన్న బేకరీ ఊళ్లో అదొక్కటే. వరసలో తెలిసినవాళ్లు ఇద్దరు కనబడి, పలకరించబోయి, అంతలోనే చేతిసంచుల్లోకి తలలు దూర్చారు.

అత్త గుమ్మంలో కూర్చుని వల అల్లుతోంది. ఈ ఊరికి వచ్చి ముప్పై ఏళ్లయినా వీధిలో ఆవిడ పేరు 'అవతలావిడ'. మాటలో ఇంకా కాస్త ఆ ఒడ్డు యాస ఉంటుంది, అంతే.

"రామ్మా రా. టీ ఇద్దామంటే పొయ్యి లేదు. నీళ్లు తాగుతావా, చల్లటివి?"

"అత్తయ్యా, ఏమన్నా తిన్నారా?"

"రొట్టెకి వెళ్లాను. అయిపోయాయన్నాడు. వాడి వెనకాల అరల నిండా ఉన్నాయి. నా కళ్లు పోయాయనుకున్నాడో ఏమో." ఆవిడ పళ్లతో దారం తెంపింది. "ముప్పై ఏళ్లుగా ఆ కొట్లోనే కొంటున్నా. మొన్నటిదాకా నాకు దేశం లేదు, నిన్నట్నించి వచ్చింది."

మావయ్యని పట్టుకెళ్లిన పోలీసులు ఇల్లంతా సోదా చేసి వెళ్లారు. సముద్రం పటాలు, మావయ్య ఫోను, బీరువాలో కాగితాలు, ఆఖరికి పెళ్లి ఫొటో కూడా పట్టుకుపోయారు. ఫొటోలో వెనకాల అవతలి రేవు కనిపిస్తోందట. గోడ మీద ఫొటో ఉన్నంత మేర సున్నం తెల్లగా మెరుస్తోంది.

"ఇది మాత్రం వదిలేశారు" అని అత్త మేకుకి వేలాడుతున్న తాడు వైపు చూపించింది. "తాళంచెవులు కట్టుకునే తాడనుకున్నారు పాపం."

అది మావయ్య ముడుల తాడు. వేటకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఒక ముడి. చేపలు బాగా పడితే ఒంటి ముడి, పడకపోతే జంట ముడి. ఏ సరంగూ తన చోటు కాగితం మీద పెట్టడు. కాగితాన్ని ఎవడైనా చదువుతాడు, తాడునైతే కట్టినవాడే చదవాలి.

"మావయ్య ఏం చెప్పాడు వాళ్లకి?"

"ఏం చెప్తాడు! సముద్రం ఉడికినట్టు పైకి లేస్తోందని వైర్‌లెస్‌లో మొదట కబురు చెప్పింది ఆయనే. నీకెలా తెలుసు, ట్రాకరు ఎందుకు ఆర్పావు అని వాళ్లు. అంతే, నోటికి తాళం. ఆ నోరు నేనే తెరిపించలేకపోయాను ముప్పై ఏళ్లలో, వాళ్ల వల్ల అవుతుందా?" నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అల్లిక సూదిని వలలో గుచ్చి, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "అమ్మాయ్, రేపు చూడ్డానికి ఒక్కరినే రానిస్తారట. నువ్వెళ్లు. నేను వెళ్తే నా యాస వింటారు, నా మాట వినరు."

*

రేవు పోలీసు స్టేషనులో సగం పెచ్చులూడిన గది. బల్లకి ఇటు ఆమె, అటు మావయ్య. పది నిమిషాలు. తలుపు అవతల కానిస్టేబులు.

నాలుగు రోజులు ఎండ తగలకపోయేసరికి మావయ్య మొహం పాలిపోయింది. గడ్డం తెల్లగా మొలిచింది.

"ఏమోయ్ డిగ్రీ, సెలవు పెట్టి వచ్చావా? జీతం కోస్తారు జాగ్రత్త."

"మావయ్యా, జోకులకి టైము లేదు. ట్రాకరు ఎందుకు ఆర్పావు?"

"నువ్వు అన్నం తినేటప్పుడు వీధి తలుపు బార్లా తీసిపెడతావా?"

"సరిగ్గా చెప్పు."

మావయ్య తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మంచి చోటుకి వెళ్లినప్పుడు ఎవడైనా ఆర్పుతాడమ్మా. లేకపోతే మన చుక్క చూసుకుంటూ మర్నాటికి యాభై పడవలు అక్కడే వాలతాయి. మీ పైపు ఉందే, దాని వంపులో రాళ్లు పోశారు. రాళ్ల సందుల్లో చేపలు కాపురాలు పెడతాయి. పదకొండు పడవలకి తెలుసు ఆ సంగతి. పదకొండూ ఆర్పేసే వెళ్తాయి."

గుడ్డి మూల. సిగ్నలు అందక కాదు! నాలుగేళ్లుగా ఆ తెర ముందు కూర్చుని కూడా తనకు తట్టలేదు.

"అదే చెప్పు వాళ్లకి!"

"పైపు పక్కన వల వేయకూడదు. చెప్పానంటే నా ఒక్కడితో పోదు, పదకొండు లైసెన్సులు పోతాయి. పదకొండు ఇళ్లు." బల్ల మీద గీతని బొటనవేలితో రుద్దుతూ అన్నాడు. "నాలుగు రోజులు ఉంచుతారు, విసుగొచ్చి వదిలేస్తారు."

"వదలరు మావయ్యా. టీవీలో నీ పడవనే చూపిస్తున్నారు. నిన్ను అడ్డం పెట్టి యుద్ధమే చేసేటట్టున్నారు."

"నా పడవకి అంత సీను లేదులే. అయినా పగలగొట్టేవాడు వైర్‌లెస్‌లో కేకలెందుకు పెడతాడు? అసలు ఆ చోటే పాడైపోయింది ఈ మధ్య. చేపలు రావట్లేదు. మంగళవారం వెళ్లింది కూడా, మళ్లీ వచ్చాయేమో చూద్దామనే."

"ఎందుకు రావట్లేదు?"

"ఎందుకో ఏమో. అడుగునుంచి సన్నగా బుడగలు లేస్తున్నాయి. నీళ్లు కాగబోయే ముందు గిన్నె అడుగున లేస్తాయే, అలాగ. బురదలోంచి గాలి లేస్తోందనుకున్నాం. చేపలకి నచ్చలేదు, పోయాయి."

ఆమె వీపు నిటారుగా అయింది. "ఎప్పట్నించి?"

"నాలుగు వేటల నుంచి. మూడు రోజులకోసారి వెళ్తాంగా. నా తాడు చూడు, చివర నాలుగూ జంట ముళ్లే."

నాలుగు వేటలు. మూడు రోజులకోసారి. మంగళవారానికి పన్నెండు రోజుల ముందు.

ఆ లెక్క ఆమెకు తెలుసు. ఇంకో చోట, తన చేతిరాతలోనే, చూసింది.

"ఏంటమ్మా, అలా అయిపోయావు?"

"ఏం లేదు మావయ్యా." లేచింది. కుర్చీ కాలు నేల మీద కీచుమంది. "టైమైపోయింది."

*

కంట్రోల్ రూమ్‌లో నిలబడే పేజీలు తిప్పింది. మామూలుగా తేడా వెయ్యికి రెండో మూడో ఉంటుంది. రెండు మీటర్లు ఒకేలా ఎప్పుడూ చెప్పవు, అది లెక్కలోకి రాదు. పైపు పగలడానికి పన్నెండు రోజుల ముందు అది తొమ్మిదయింది. మర్నాడు పదకొండు. ఆ తర్వాత పదమూడు, పద్నాలుగు. మొదటి రోజే ఆమె ఆ అంకెలు చీటీ మీద రాసుకుని మేనేజరు గదికి వెళ్లి చూపించింది. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండానే, "వాళ్ల మీటరు ఎప్పుడూ గొప్పలే పోతుందమ్మా. పంపిన దానికంటే ఎక్కువ చెప్పడం వాళ్లకి అలవాటు. సవరించెయ్" అన్నాడు.

సవరించింది. పన్నెండు రోజులూ. 'వాళ్లు పంపింది' లోంచి తగ్గించి, కంప్యూటరులో కొత్త అంకె ఎక్కించింది. కంప్యూటరుకి తేడా కనబడలేదు కాబట్టి హెచ్చరిక మోగలేదు. ప్రతి పేజీలోనూ సవరణ గడి పక్కన పొందికైన సంతకం. ఆమెదే.

గ్యాసు మధ్యలో ఎక్కడికి పోతోందని ఎవరూ అడగలేదు. అవతలివాళ్లు అబద్ధం చెబుతున్నారన్న జవాబు అప్పటికే చేతిలో ఉంది కదా.

రిజిస్టరు తీసుకుని మేనేజరు గదికి వెళ్లింది. ఆయన చదివాడు. కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ చదివాడు. వచ్చే ఏడు రిటైరవబోయే మనిషి. కిటికీ గట్టు మీద చిన్న కుండీల్లో ఏవో మొక్కలు పెంచుకుంటాడు.

"ఎవరికి చూపించావు?"

"మీకే సర్, ముందు."

"టీవీలో చూపిస్తున్న ఆ సరంగు..."

"మా మేనమామ సర్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే విను. నువ్వీ పుస్తకం పట్టుకెళ్తే మొదటి ప్రశ్న, సవరణ పక్కన సంతకం ఎవరిదని. ఉద్యోగం అక్కడే పోతుంది. రెండో ప్రశ్న, సరంగు నీకేమవుతాడని. పెన్సిలు రాత కాబట్టి నిన్న రాత్రి కూర్చుని రాసిందంటారు. మంత్రి మైకులో అరిచిన మాట నీ పెన్సిలు ముల్లుతో చెరిగిపోతుందా తల్లీ?"

ఆయన అన్నదాంట్లో ఒక్క మాటా అబద్ధం కాదు.

"ఆ పుస్తకం నా దగ్గరుంచు. ఆలోచిద్దాం." ఆయన బీరువా తలుపు తీశాడు.

ఆమె రిజిస్టరు మీద చెయ్యి తీయలేదు. అట్టని ఇంకా గట్టిగా అదిమిపట్టింది.

"రిజిస్టరు కంట్రోల్ రూమ్ దాటకూడదని మీరే నేర్పించారు సర్. ఇక్కడిదాకా తేవడమే తప్పు. తీసుకెళ్లి దాని అరలో పెడతాను." గుమ్మం దగ్గర ఆగింది. "పైపు కేసు చూస్తున్న విచారణాధికారి గారికి ఫోను చేస్తాను. మీకు చెప్పకుండా చేయడం బాగుండదని చెబుతున్నాను."

బీరువా తలుపు తెరిచే ఉంది.

*

సోమవారం పదకొండింటికి విచారణాధికారి వచ్చింది. యాభై దాటిన మనిషి, విపరీతమైన జలుబు. చేతిరుమాలు ముక్కు దగ్గరినుంచి తీయడం లేదు. వెంట ఇద్దరు కానిస్టేబుళ్లు, వాళ్ల మధ్య మావయ్య. పైపు దారి మొత్తం గీసిన పెద్ద పటం ఈ గది గోడ మీదే ఉంది. దాని ముందు నిలబెట్టి అడిగితేనన్నా నోరు విప్పుతాడేమోనని తీసుకొచ్చింది.

మావయ్య మేనకోడల్ని చూసి కళ్లతోనే 'ఏంటిది' అన్నాడు. ఆమె చూపు తిప్పుకుంది. మేనేజరు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

అధికారి పేజీ పేజీ చదివింది. తొందరపడలేదు. పన్నెండు రోజుల్లో ఒక్కో రోజు మీదా వేలు పెట్టి ఆగింది.

"సంతకం?"

"నాదే మేడమ్."

"సవరించమని ఎవరు చెప్పారు?"

మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఎవరు చెప్పినా, గడిలో రాసింది నేను. తేడా పెరుగుతోందని చూశాను. అడగాల్సిన ప్రశ్న అడగలేదు."

"ఈయన మీకు మేనమామ."

"అవును మేడమ్. అందుకే నా మాట నమ్మమనడం లేదు. ఇదే అంకె అవతలివాళ్ల పుస్తకంలో కూడా ఉంటుంది. అది అడగండి."

అధికారి ఫోను వైపు చూసింది. లేచి వెళ్లి గోటితో ఎర్ర టేపు అంచు గిల్లి, సర్రున లాగేసింది. "అతికించమంది మా ఆఫీసే. తీస్తే తప్పేం లేదు. చెయ్యమ్మా."

ఆమె ఫోను స్పీకరులో పెట్టి కలిపింది. ఏడుసార్లు మోగింది. ఎనిమిదోసారికి ఎత్తారు.

"ఎవరు?"

"నేనే అక్కా. పొద్దున్న ఏడు గంటల మనిషిని."

అటునుంచి చిన్న దగ్గు. తెలిసిన దగ్గే. "మాట్లాడొద్దన్నారమ్మా మాకు."

"మాకూ అన్నారు. ఇక్కడ విచారణాధికారి గారు వింటున్నారు, అది ముందే చెబుతున్నాను. మీరేం చెప్పక్కర్లేదు. నేను చెబుతాను, వినండి చాలు."

పన్నెండు రోజుల అంకెలు చదివింది. మీరు పంపామన్నది ఇంత, మాకు చేరింది ఇంత, తేడా ఇంత. గొంతు రెండుసార్లు తడబడింది, రెండుసార్లూ వెనక్కి వెళ్లి మొదటినుంచి చదివింది.

"మీ మీటరు ఎక్కువ చూపిస్తోందని రాసుకున్నాం అక్కా. పన్నెండు రోజులూ. తప్పు మాది."

అటునుంచి కాగితం చప్పుడు. ఒక పేజీ. ఇంకో పేజీ.

"మీ మీటరు తక్కువ చూపిస్తోందని రాశాం మేం" అంది ఆ గొంతు మెల్లగా. "కావాలనే తక్కువ చెబుతున్నారని మా ఇంజనీరుగారు... పన్నెండు రోజులూ అదే. నువ్వు చదివిన అంకెలే ఉన్నాయి. సంతకం నాదే."

అధికారి రుమాలు దించింది. రెండు ఒడ్ల మీదా ఇద్దరు ఆడవాళ్లు, ఒకే అంకెను చూసి, ఎదుటివాళ్లు అబద్ధమాడుతున్నారని రాసి, చక్కగా సంతకాలు పెట్టారు. వాళ్ల మధ్య సముద్రం అడుగున పైపు కారుతూనే ఉంది.

"రాసుకోండి మేడమ్." కిటికీ దగ్గరినుంచి మేనేజరు. కోటు గుండీ పెట్టుకుంటున్నాడు, వేళ్లకి అందక రెండోసారి ప్రయత్నించాడు. "సవరించమని చెప్పింది నేను. తల ఎత్తి చూడకుండా చెప్పాను. ఆ అమ్మాయి మొదటి రోజే తెచ్చి చూపించింది."

ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తుడుచుకోవడానికి సిగ్గేసి, రిజిస్టరులోకి తల వంచింది.

ఇంతసేపూ గోడకి ఆనుకుని నిలబడ్డ మావయ్య గొంతు సవరించుకున్నాడు. "డిగ్రీ ఉద్యోగం బల్ల మీద పెట్టేసింది. నేను చేపల చోటు జేబులో దాచుకుని కూర్చుంటే బాగుంటుందా?" పటం దగ్గరికి నడిచాడు. పైపు వంపు మీద మొద్దుబారిన వేలు మోపాడు. "ఇక్కడ. నాలుగు వేటల నుంచి బుడగలు. మా ఇంట్లో మేకుకి తాడుంది, తెప్పించి చూసుకోండి. అబద్ధమైతే దాంతోనే కట్టేయండి నన్ను."

"ట్రాకరు?"

"ఆర్పాను. పదేళ్లుగా ఆర్పుతున్నాను. ఇంకెవరు ఆర్పుతారని నన్ను అడక్కండి. ఈ మూలలో ఎన్ని చుక్కలు ఎన్నిసార్లు ఆరిపోయాయో మీ యంత్రాల్లోనే ఉంటుంది. ఆర్పినప్పుడల్లా పైపు పగిలేటట్టయితే, ఈపాటికి సముద్రంలో పైపే మిగిలేది కాదు."

గార్డు ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నాడు. అధికారి మాత్రం మూసుకోలేకపోయింది. నవ్వు దగ్గులోకి దిగి, రెండు నిమిషాలు ఆగలేదు.

"చూడండి" అంది చివరికి ముక్కు తుడుచుకుంటూ. "ఎవరైనా పగలగొట్టారా, దానంతటదే తుప్పు పట్టి చీలిందా, నాకు తెలీదు. డైవర్లు దిగితేనే తేలేది. కానీ పన్నెండు రోజుల ముందే కారడం మొదలైన పైపుని మంగళవారం ఈయన వెళ్లి పగలగొట్టాడని నేను రాయలేను. రాయలేనని పైకి రాస్తాను."

"పైవాళ్లు ఒప్పుకుంటారా మేడమ్?" అన్నాడు మేనేజరు.

"ఒప్పుకోకపోతే అవతలివాళ్ల పుస్తకం కూడా తప్పని నిరూపించాలి. దానికి అవతలివాళ్లతో మాట్లాడాలిగా. మాట్లాడనీయండి. అదే కావాలి."

*

మంగళవారం సాయంత్రం టీవీలో మంత్రి మాట మారింది. 'దాడి' కాస్తా 'దాడో ప్రమాదమో' అయింది. యుద్ధనౌకల్లో ఒకటి రేవుకి తిరిగొచ్చింది. రెండోది ఇంకా అక్కడే ఎందుకు ఉందో ఎవరూ చెప్పలేదు. రెండు దేశాల డైవర్లూ కలిసి దిగుతారన్న కబురు వార్తల చివర్లో, వాతావరణానికి ముందు, చిన్నగా వచ్చింది.

మేనేజరుని సెలవు మీద పంపారు. వెళ్తూ వెళ్తూ కుండీలకు నీళ్లు పోయమని ఆమెకు చెప్పాడు. ఆమెకూ ఒక మెమో వచ్చింది, వారంలోగా సంజాయిషీ ఇవ్వమని. అదే రోజు నాలుగు పేజీలు రాసింది. ఎక్కడా ఎవరి మీదా తోయలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తెలియదు. కానీ మూడు రాత్రులుగా పట్టని నిద్ర ఆ రాత్రి పట్టింది.

మావయ్య ఇంటికొచ్చాడు. పది మంది సరంగులూ రెండు రోజులు మొహం చాటేశారు. లైసెన్సులు రద్దు చేయకుండా హెచ్చరికతో సరిపెట్టారని తెలిశాక, అందరికంటే పెద్ద సరంగు వచ్చి, ఏమీ మాట్లాడకుండా గుమ్మంలో కూర్చుని, అత్త అల్లుతున్న వలకి రెండో కొస పట్టుకున్నాడు. అత్త సూది అందించింది.

పెళ్లి ఫొటో తిరిగొచ్చింది. బేకరీవాడు అత్తని చూసి తనే పిలిచి రొట్టె చేతికిచ్చాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "అడుగు మాడింది. ఇంకోటి ఇవ్వు" అంది. వాడు వెతికి వెతికి ఇంకోటి ఇచ్చాడు.

గురువారం పొద్దున్న ఏడింటికి కంట్రోల్ రూమ్‌లో ఫోను మోగింది. ఉత్తర్వు ఎత్తేశారు.

"ఏడు గంటల మనిషేనా?"

"అవునక్కా."

"మేం పంపింది, సున్నా."

ఆమె పెన్సిలు తీసింది. "మాకు చేరింది, సున్నా."

"తేడా?"

ఆమె గడి వైపు చూసింది. వారానికి పైగా ఖాళీగా ఉన్న గడి. "ఏమీ లేదక్కా."

"సవరణ?"

"అక్కర్లేదు."

అటువైపు కూడా పెన్సిలు చప్పుడు వినిపించింది. మామూలుగా ఇక్కడితో ఫోను పెట్టేస్తారు. ఈసారి ఇద్దరూ పెట్టలేదు.

"మా డైవర్లు బయల్దేరారు, ఆరుగురు. మీవాళ్లు ఆరుగురు. చోటు చూపించడానికి మీ ఒడ్డునుంచి ఎవరిదో పడవ వస్తోందట."

ఆమె పెద్ద తెర వైపు తిరిగింది. అవతలినుంచి ఒక చుక్క, ఇవతలినుంచి ఒకటి, దాని ముందు ఇంకో చిన్న చుక్క. ఆ చిన్నది ఎవరిదో ఆమెకు చెప్పక్కర్లేదు. గార్డు కూడా కుర్చీ లాక్కుని పక్కన చేరాడు.

చుక్క మెల్లగా కదిలింది. పైపు గీత పక్కనే, వంపు వైపు. గుడ్డి మూల అంచుకి చేరింది. గార్డు అలవాటుకొద్దీ, "ఇదిగో, ఇప్పుడు పోతుంది చూడండి" అన్నాడు.

చుక్క మూలలోకి దిగింది. ఆగింది. పచ్చగా, అక్కడే, వెలుగుతూ ఉంది.

"ఏమ్మా, లైనులో ఉన్నావా?" అంది ఫోనులో గొంతు.

"ఉన్నానక్కా" అంది ఆమె, చూపు తిప్పకుండానే. "కనిపిస్తోంది."